జెల్ల ముల్లు, తెల్ల మందు

ఆపరేషన్ బల్ల మీద నుంచి లేచి వచ్చేసిన మనిషిని నేను. "పారిపోయొచ్చిండు" అని మా ఆవిడ అందరికీ చెబుతుంది. పారిపోలేదు, నడిచే వచ్చాను. కాకపోతే కొంచెం తూలుతూ వచ్చాను. సగం మత్తు ఒంట్లోకి పోయిన మనిషి తూలక ఏం చేస్తాడు?

మాది శామీర్‌పేట. చెరువులో చేపలు పట్టే ఇల్లు. బాపు వల వేసేవాడు, అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది. వాళ్లిద్దరూ కష్టపడి చదివించారు కాబట్టి రావల్కోల్ బడిలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నాను. నాకు ముక్కు మీద కోపం. నేను క్లాసులో అడుగు పెడితే ఈగ కూడా అనుమతి తీసుకుని ఎగరాలని పిల్లలు అనుకుంటారట. అలాంటివాణ్ని ఒక సూదిమందుకు దడిసి ప్రాణం మీదకు తెచ్చుకున్నాను. ఎందుకు దడిశానో చెప్పాలంటే ముందు జెల్ల సంగతి చెప్పాలి.

జెల్ల చిన్న చేప. పొలుసు ఉండదు, పిల్లిలా మీసాలుంటాయి. వీపు మీద ఒక ముల్లు, చెరో పక్క ఒక ముల్లు. కూర వండితే అమృతమే, కానీ వల నుంచి విడదీసేటప్పుడు ఒడుపు తప్పిందా, పొడిచేస్తుంది. ఆ మంట వేలి దగ్గర ఆగదు. మణికట్టు దాటుతుంది, మోచెయ్యి ఎక్కుతుంది, చంకలోకి వచ్చి కూర్చుంటుంది. విషం పైకెక్కుతోందని మావాళ్లు అంటారు. అందుకే మా ఒడ్డు మీద ఒక కట్టుబాటు ఉంది. ఎవరికి జెల్ల పొడిచినా, పక్కనున్నవాడు చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, వాడి జబ్బ గట్టిగా పట్టుకోవాలి. ఇద్దరి మధ్యా మాటలు లేకపోయినా సరే, పొద్దున్నే వల చోటు కోసం కొట్టుకుని ఉన్నా సరే. ఆలోగా ఇంకెవరో నీళ్లు వెచ్చబెట్టి తెస్తారు. పొడిచిన చేతిని అందులో ముంచుతారు. మంట తగ్గాక, జబ్బ పట్టినవాడికి ఆ రోజు వలలో పడ్డవాటిలో మంచి చేప తీసి ఇవ్వాలి. దాన్ని జబ్బ వాటా అంటారు. వద్దనడానికి వాడికి లేదు, ఇవ్వననడానికి వీడికి లేదు.

నాకు మొదటిసారి పొడిచినప్పుడు నేను ఇంకా నిక్కర్లలోనే ఉన్నాను. గావుకేక పెట్టాను. బాపు నీళ్లలో నుంచి ఒక్క అంగలో వచ్చి నా జబ్బ పట్టుకున్నాడు. ఆయన బొటనవేలు, మధ్యవేలు నా చెయ్యి చుట్టూ తిరిగి ఒకదాన్నొకటి తాకాయి. ఒళ్లంతా చెరువు వాసన.

"బిగబట్టు బిడ్డా. నేను పట్టుకున్న. ఇగ పైకి రాదు" అన్నాడు.

నిజంగానే రాలేదు. వేడినీళ్లు పని చేశాయో, బాపు పట్టు పని చేసిందో ఆ వయసులో నాకేం తెలుసు? బాపు మాటే పని చేసిందనుకున్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు పొడిచినా ఆయన చెయ్యి వచ్చి అక్కడే పడేది. ఆయన పోయాక నా కుడిచెయ్యే ఆ పని నేర్చుకుంది. చేతిలో మంట పుడితే జబ్బ పట్టాలి. ఇది మాకు ఆలోచించి చేసే పని కాదు, కంట్లో నలక పడితే రెప్ప వాలినట్టు జరిగిపోతుంది.

ఇక నా రోగం సంగతి. గౌడవెల్లిలో మా అత్తగారింటి వైపు పెళ్లి. మటన్ బిర్యానీ నా స్థాయికి తగ్గకుండానే తిన్నాను. ఇంటికి వచ్చాక కుడి డొక్క పైన పట్టేసిన నొప్పి వీపు దాకా పోయింది. గ్యాసు అనుకుని సోడా తాగాను. సోడాతో పోయే గ్యాసు కాదది. స్కానింగ్ తీస్తే పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. చిన్న చిన్న రంధ్రాలు చేసి ఆ సంచిని తీసేస్తామన్నారు.

ఆసుపత్రికి పోయే రోజు నా మాటలు వినాల్సింది. "జెల్లలు పొడిచిన చెయ్యి ఇది, సూది ఒక లెక్కా" అని వార్డు బాయ్ దగ్గర కూడా కోతలు కోశాను. థియేటర్‌లోకి తీసుకుపోయారు. లోపల పుష్యమాసపు చలి. ఎడమ చేతి వెనక సన్నటి నరంలో అప్పటికే సూది పెట్టి ఉంది. ఒకాయన సిరంజితో వచ్చాడు. అందులో మందు చిక్కటి పాలలా తెల్లగా ఉంది. "కొంచెం చురుక్కుమంటుంది సార్" అన్నాడు.

చురుక్కుమనడం కాదది. ముంజేతిలో నిప్పు పోసినట్టయింది. ఆ నిప్పు పైకి పాకడం మొదలుపెట్టింది. మణికట్టు, మోచెయ్యి... అదే దారి, నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన దారి. నా కుడిచెయ్యి నన్ను అడగకుండానే లేచి ఎడమ జబ్బను పట్టేసింది. పట్టుకున్నకొద్దీ మంట తగ్గలేదు సరికదా, రెండింతలైంది. జన్మలో మొదటిసారి ఆ పట్టు నన్ను మోసం చేసింది. ఇది విషమే, సందేహం లేదనిపించింది. జబ్బ వదిలి సూది పట్టుకుని పీకేశాను. రక్తం, పాలు కలిసి ఆకుపచ్చ దుప్పటి మీద పడ్డాయి. ఎవరో అరిచారు. నేను వాళ్లకంటే గట్టిగా అరిచాను.

తర్వాత వాళ్లు నన్ను కోప్పడలేదు. బీపీ బాగా పెరిగింది, ఇవాళ వద్దు, ఇంకో రోజు చూద్దామని నెమ్మదిగానే చెప్పారు. ఏమైందని కూడా అడిగారు. తెలుగు సారు జెల్ల చేప కథ చెబితే నవ్వుతారని నోరు కట్టేసుకున్నాను. "ఆ మందు నా ఒంటికి పడదు" అని ఒక్క మాట అని బయటపడ్డాను.

అదే మాట ఊరంతా చెప్పాను. అమ్మ వెంటనే నమ్మింది. "పడని మందు ఎందుకు కొడుకా? నీ ఒళ్లే వద్దంటాంది" అని ఏవేవో కషాయాలు కాచి పోసింది. మా ఆవిడ నమ్మలేదు. "జెల్లలు పొడిచినా ఉలకని మొగోడు పాలసొంటి మందుకు లేచొచ్చిండు. ఇంట్ల పులి, బయట పిల్లి" అని కూర వడ్డిస్తూ ఒకసారి, బట్టలు ఆరేస్తూ ఒకసారి అనేది. నేను కషాయం తాగుతూ పులిలాగే గుర్రుమనేవాణ్ని.

రాళ్లు మాత్రం కషాయానికి కరగలేదు. ఒక మధ్యాహ్నం బోర్డు మీద పద్యం రాస్తుంటే రెండో పాదం దగ్గర నొప్పి వచ్చింది. సుద్దముక్క పట్టుకునే కూలబడిపోయాను. ఒళ్లు కాలిపోతోంది, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. బడి పక్కన చెప్పుల దుకాణం నడిపే భాయ్ తన ట్రాలీ ఆటో తెచ్చి, "పరేషాన్ కాకు సార్, జల్దీ పోదాం" అని నన్ను చెప్పుల పెట్టెల మధ్య పడుకోబెట్టి మేడ్చల్‌లో ఇంకో ఆసుపత్రికి చేర్చాడు. ఆయన రుణం ఇంకా నా మీద ఉంది.

ఈసారి సర్జన్ మొహమాటం లేకుండా చెప్పాడు. సంచి బాగా వాచింది, చీము పడుతోంది, పగిలిందంటే ప్రాణం మీదకు వస్తుంది, రేపు పొద్దున్నే తీసేయాలి. మాత్రలిచ్చి పంపించండి అన్నాను. ఆయన నన్ను చూశాడు, మా ఆవిడను చూశాడు, తల అడ్డంగా ఆడించి వెళ్లిపోయాడు.

మా ఆవిడ అప్పుడు వెక్కిరిస్తుందనుకున్నాను. వెక్కిరిస్తే బాగుండును, తిరిగి కసిరేవాణ్ని. తను వరండాలోకి పోయి గోడకు ఆనుకుని ఏడ్చింది. తలుపు సందులో నుంచి కనబడింది. మొహం కడుక్కుని వచ్చి మంచం పక్కన నిలబడింది.

"నాకు నువ్వు గావాలె. నీ పౌరుషం నాకొద్దు" అంది.

సరే అనడానికి నోరు తెరిచాను. చెయ్యి మంట గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను. నిజం చెబుతున్నాను, చావు అంటే అంత భయం వేయలేదు. ఆ మంట అంటే వేసింది. చావును నేను చూడలేదు కదా, మంటను చూశాను.

సాయంత్రం ఒక డాక్టరమ్మ వచ్చింది. నాకంటే చాలా చిన్నది. స్టూలు లాక్కుని కూర్చుంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

"మాస్టారూ, రేపు మీకు మత్తు ఇచ్చేది నేనేనండి" అంది. మాట గోదావరి వైపుది.

"ఇయ్యనిస్తె గదా" అన్నాను గోడతో.

"పోనీ, ఇవ్వను. పోయినసారి మందు పడలేదని మీ ఆవిడగారు చెప్పారు. పడకపోవడం అంటే ఏమైందండీ? దద్దుర్లు వచ్చాయా? ఆయాసం వచ్చిందా?"

"మండింది."

"ఎలా మండింది?"

ఎలా మండిందని అంత తీరిగ్గా అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు. పడుతుందా పడదా అనే తప్ప, ఎలాగని ఎవరికి కావాలి? ఇటు తిరిగాను.

"జెల్ల పొడిచినట్టు" అన్నాను.

జెల్ల అంటే ఏమిటో తనకు తెలియదంది. గోదావరి పిల్లకు జెల్ల తెలియకపోవడమేమిటని అడిగాను. "మాకు ముళ్లు తీసేసి కంచంలోకి వస్తాయండి" అంది. నాలో పంతులు లేచి కూర్చున్నాడు. జెల్ల గురించి చెప్పాను, మంట పాకే దారి వేలితో గీసి చూపించాను, మా ఒడ్డు కట్టుబాటు చెప్పాను. బాపు గురించి చెప్పాను. ఆమె చేతిగడియారం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"మీ నాన్నగారు ఎక్కడ పట్టుకునేవారో చూపించండి" అంది.

కుడిచేత్తో ఎడమ జబ్బ పట్టి చూపించాను.

"థియేటర్లోనూ ఇలాగే పట్టుకున్నారా?"

"ఆ."

"తగ్గిందా, పెరిగిందా?"

"పెరిగింది."

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే నేను మళ్లీ గోడవైపు తిరిగేవాణ్ని. "మాస్టారూ, ఆ తెల్ల మందు విషం కాదండి. కానీ నరం లోపలి గోడకు తగిలితే చాలామందికి మండుతుంది. చేతి వెనక నరాలు సన్నం, చలికి ఇంకా ముడుచుకుంటాయి. మందు చప్పున పెద్ద నరంలోకి వెళ్లి రక్తంలో కలిసిపోతే మంట చల్లారుతుంది. మీరేమో వెళ్లనివ్వకుండా దారి మూసేశారు" అంది.

నాకు నవ్వు వచ్చింది. నవ్వితే కడుపు నొచ్చింది. అన్నాళ్లుగా మోస్తున్న బరువేదో కొంచెం జరిగినట్టు అనిపించింది. నా ఒళ్లూ చెడ్డది కాదు, ఆ మందూ చెడ్డది కాదు.

"అయితే రేపు పట్టుకోవద్దంటవా?"

"పట్టుకుందామండి. కానీ వేరే మందుకు పట్టుకుందాం. పన్ను పీకే ముందు చిగుళ్లకు తిమ్మిరి మందు ఇస్తారు చూడండి, అదే. ముందు అది కొంచెం నరంలోకి ఇచ్చి, పైన గట్టిగా పట్టుకుంటే పైకి పోకుండా అక్కడే నిలబడి నరాన్ని మొద్దుబారుస్తుంది. కాసేపు ఉంచి వదిలేస్తాం. అప్పుడు తెల్ల మందు. అది కూడా చేతి వెనక వద్దు, మోచేతి మడతలో పెద్ద నరం ఉంది, అందులోకి ఇద్దాం."

"అస్సలు మండదా?"

"అస్సలు అని ఒట్టు వేయలేనండి. చాలామందికి మండదు. కొందరికి కొంచెం తెలుస్తుంది. మీకు మండితే చెప్పండి, ఆపుతాను. మీరు సూది పీకక్కర్లేదు."

అబద్ధం చెప్పి ఉంటే నేను పసిగట్టేవాణ్ని. పిల్లల అబద్ధాలు వినీ వినీ చెవులు ఆరితేరాయి. "అస్సలు అనలేను" అన్న మాటే నన్ను పడగొట్టింది.

లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగింది. "మామూలుగా అయితే రబ్బరు పట్టీ కడతామండి. మీకు నేను చేత్తోనే పట్టుకుంటాను. అవునూ, మీ నాన్నగారు పట్టుకున్నప్పుడు ఏమనేవారు?"

చెప్పాను. బాపు పోయాక ఆ మాట పైకి అనడం అదే మొదలు. చెప్పి, దగ్గు వచ్చినట్టు నటించాను. ఆమె వెళ్లిపోయాక మా ఆవిడతో, "రేపు చేయించుకుంట" అన్నాను. తను నా దుప్పటి సరిచేసి, అది సరిగ్గానే ఉన్నా మళ్లీ సరిచేసింది.

పొద్దున థియేటర్‌లో అదే చలి. నిజం చెప్పాలంటే, బల్ల ఎక్కగానే తలుపు ఎంత దూరంలో ఉందో కూడా చూసుకున్నాను. ఆమె మాస్కు పెట్టుకుని వచ్చింది, కళ్లు మాత్రం కనబడుతున్నాయి. వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి నా చేతి కింద పెట్టించింది. ఒడ్డు మీద వెచ్చబెట్టిన నీళ్లు గుర్తొచ్చాయి. మోచేతి మడతలో సూది పెట్టింది, చీమ కుట్టినంత. తర్వాత తన చెయ్యి నా జబ్బ మీద వేసి బిగించింది.

ఆ చేతి వేళ్లు నా జబ్బను సగం కూడా చుట్టలేదు. కానీ పట్టు గట్టి పట్టు. నర్సు తిమ్మిరి మందు ఇచ్చింది. ఏదో చల్లగా తెలిసింది. నా కుడిచెయ్యి లేవబోయింది. నేను దానితో బల్ల అంచును గట్టిగా పట్టించాను. అప్పుడు ఆమె నా చెవి దగ్గరకు వంగింది. గోదావరి మాట వదిలేసి, నేను చెప్పింది చెప్పినట్టు, మా ఊరి మాటలోనే అంది.

"బిగబట్టు బిడ్డా. నేను పట్టుకున్న. ఇగ పైకి రాదు."

నర్సు కిసుక్కున నవ్వింది. నవ్వదా మరి, అంత చిన్న పిల్ల తల నెరిసిన పంతుల్ని బిడ్డా అంటే? నా కళ్లలో నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ఆమె వాటిని తుడవలేదు, ఆమె చెయ్యి ఖాళీగా లేదు. కాసేపటికి పట్టు వదిలింది. తెల్ల సిరంజి కనబడింది. నేను మంట కోసం ఎదురుచూశాను. మణికట్టులో చూశాను, మోచేతిలో చూశాను. కొంచెం వెచ్చగా ఏదో పోతున్నట్టుంది, అంతే.

కళ్లు తెరిచి, "ఇంకా ఇయ్యలేదా డాక్టరమ్మా?" అని అడిగాను. అప్పటికి ఆపరేషన్ అయిపోయి, సంచి తీసేసి, నన్ను వార్డులోకి కూడా తెచ్చేశారు. ఇప్పటికీ మా ఆవిడ ఆ మాట అని నవ్వుతుంది.

ఇంటికి పంపించే రోజు అమ్మ వచ్చింది. చేతిలో మూత ఉన్న బక్కెట్టు. తిన్నగా ఆ డాక్టరమ్మ గదిలోకి పోయింది. మేము వెనకే పరుగెత్తాం. అమ్మ మూత తీసింది. లోపల మోచెయ్యంత కొర్రమట్ట చేప, ప్రాణంతో ఉంది, తోకతో ఒక్క దెబ్బ కొట్టింది. డాక్టరమ్మ "అయ్యబాబోయ్" అని కుర్చీ వెనక్కి పోయింది.

"అమ్మా, మేము బహుమతులు తీసుకోకూడదండి" అంది కుర్చీ వెనక నుంచే.

అమ్మకు ఆ మాట నచ్చలేదు. నా కోపం ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు?

"బహుమతి ఎవలిస్తున్నరు? నా కొడుకు జబ్బ నువ్వు పట్టినవా లేదా?"

"పట్టుకున్నానండి."

"మరి గిది నీ వాటా. మా చెరువు కాడ వద్దననీకె ఎవలకూ లేదు. వీని బాపు ఉంటే ఆయనే తెచ్చిస్తుండె. ఆయన లేడు గనుక నేను తెచ్చిన."

డాక్టరమ్మ నావైపు చూసింది. కట్టుబాటు అదేనన్నట్టు తల ఊపాను. ఆమె కుర్చీ వెనక నుంచి వచ్చి, భయపడుతూనే, రెండు చేతులతో బక్కెట్టు అందుకుంది.